లినక్స్ పంపిణీ మహోత్సవం

మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరుకు ఆయుష్షు తీరిపోయిందన్న సంగతి వినాయక చవితి మర్నాడు తెలిసింది. పైకి చూస్తే దానికేమీ కాలేదు. మీట నొక్కితే లేచింది, లోపల ఫ్యాను తిరిగింది, తెర మీద ఎప్పుడూ వచ్చే పచ్చగడ్డి కొండ వచ్చింది. ఆ కొండకు అడ్డంగా ఒక నీలం చీటీ వచ్చి నిలబడింది. ఇన్నాళ్లూ మాతో ఉన్నందుకు ధన్యవాదాలు, ఇక మీదట మీ యంత్రానికి మా అండ ఉండదు అని దాని సారాంశం. లైబ్రేరియన్ సువర్చల ఆ ఇంగ్లీషు చదివి నాకు తెలుగులో చెప్పింది. నాతో అంత మర్యాదగా మాట్లాడినవాళ్లెవరూ ఆ తర్వాత వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ కంప్యూటరుతో నాకేం పనంటే, చదువుకోవడం. నేను బడికి పోలేదు. గోడల మీద సినిమా పోస్టర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. అందువల్ల కాబోలు, అక్షరం చిన్నదైతే అది నాతో మాట్లాడుతున్నట్టే ఉండదు. ఇప్పుడు కళ్లు కూడా మందగించాయి. కంప్యూటరులో అయితే అక్షరాన్ని గారె అంత పెద్దది చేసుకోవచ్చు. ఎవరో పుణ్యాత్ముడు పాత వారపత్రికలు బొత్తులు బొత్తులుగా ఫొటోలు తీసి అందులో వేసి పెట్టాడు. వాటిలో ఒక సీరియల్ ఉంది. బకింగ్‌హాం కాలువ మీద ఉప్పు పడవ నడిపే సరంగు కథ. తుఫానులో పడవతో సహా ఎటో కొట్టుకుపోయాడు. పెళ్లాం కాలువ లాకు తలుపుల దగ్గర రోజూ దీపం పెట్టుకుని కూర్చుంటుంది. వారానికో ప్రకరణం చొప్పున రాసినవాడు ఆమెను ఎంత ఏడిపించాలో అంత ఏడిపించాడు.

నేను పైకి చదివేదాన్ని, కరీముల్లా వినేవాడు. కరీముల్లా మా ఊరి టాకీసులో ప్రొజెక్టర్ ఆపరేటరుగా చేసినవాడు. టాకీసు మూతపడి ఇప్పుడు ఎరువుల గోడౌను అయింది. ఏళ్ల తరబడి ఆ కార్బన్ దీపం వెలుగు చూసి చూసి ఆయన చూపు మసకబారింది. టాకీసు వెనక గదిలోనే ఒంటరిగా ఉండేవాడు. ఆ గది ఉగాది తర్వాత పడగొడతారన్నారు. ఆయన ఆదోనిలో మేనల్లుడి దగ్గరకు వెళ్లిపోతున్నానన్నాడు.

ఈ మాట చెప్పిన రోజున ఆయన చెప్పుల కోసం కాలితో తడుముకుంటుంటే నాకు గుండె దడ పట్టుకుంది. ఎవరు చెప్పులు వెతుక్కుంటున్నా నాకు ఆ దడ మామూలే. అప్పుడే మనసులో ఒకటి అనుకున్నాను. కరీముల్లా ఆదోని బస్సు ఎక్కేలోగా సరంగు ఇంటికి చేరాలి. కథ సగంలో వదిలేసి వెళ్లిన మనుషులను నేను చాలామందిని చూశాను, ఇంకొకరు వద్దు.

ఇక మిగిలినవి నాలుగైదు ప్రకరణాలు. అప్పుడే నీలం చీటీ వచ్చింది. దాని వెనకే పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఆయుష్షు తీరిన యంత్రాలను వెలిగించరాదు. గుడ్డ కప్పి ఉంచవలెను. ఖర్చు లేని లినక్స్ వేసుకోవచ్చును, అయితే ఏ డిస్ట్రిబ్యూషన్, ఏ డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ వేసుకునేదీ ముందుగా అనుమతి పొందవలెను.

"ఏందమ్మా ఇదంతా?" అని సువర్చలను అడిగాను.

"లినక్స్ అనేది కంప్యూటరుకు లారీ ఇంజను లాంటిదండీ రత్నమ్మ గారూ. ఇంజను ఒకటే. ఎవరికి వాళ్లు దాని మీద బాడీ కట్టించి, రంగు వేయించి, పేరు రాయించి రోడ్డు మీదకు వదులుతారు. అట్టా వదిలిన ఒక్కో బండిని డిస్ట్రిబ్యూషన్ అంటారు. లోపల సీట్లు, కిటికీలు, అద్దాలు ఎట్టా ఉండాలన్నది డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్."

"మనకేది కావాలి?"

"రోజువారీ వాడుకకు ఏదైనా సరే. మన యంత్రం ముసలిది కాబట్టి తేలికది వేసుకుంటే మేలు. ఒక పూటలో అయిపోయిద్ది. పత్రికలన్నీ ముందే పెన్‌డ్రైవులోకి తీసి పెట్టాను, భయం లేదు."

నిజంగానే ఒక పూటలో అయిపోయేది. కానీ అదే వారంలో ఇంకో ఉత్తర్వు వచ్చింది. దస్త్రాలన్నీ తెలుగులోనే నడపవలెను, ఇంగ్లీషు మాట కనిపించిన చోట మెమో ఇవ్వబడును. సువర్చల కాంట్రాక్టు ఉద్యోగి. మెమో అంటే ఆమెకు జ్వరం వస్తుంది. కార్యాలయం వాళ్లు పంపిన పదకోశం ముందు పెట్టుకుని, ఒక్కో మాటకూ తెలుగు వెతికి, ఇలా రాసి పంపింది.

విషయము: శాఖా గ్రంథాలయమునకు ఉచిత లినక్స్ పంపిణీ మరియు బల్లపై పర్యావరణము ఎంపిక చేయుటకు అనుమతి కోరుట గురించి.

తెలుగు బాగుందని నేను కూడా మెచ్చుకున్నాను.

దసరా వెళ్లాక ప్రత్యేకాధికారి వామనమూర్తి గారు జీపులో వచ్చారు. పౌరసరఫరాల శాఖ నుంచి కొత్తగా ఇటు బదిలీ అయినవారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకు ఆనవు కాబట్టి అటెండరు జీపులోంచి ఒక పీట తెచ్చి కాళ్ల కింద వేశాడు. ఆయన దస్త్రం తెరిచారు.

"లినక్స్ పంపిణీ అన్నారు. ఎవరికి?"

"ఎవరికీ కాదండి. కంప్యూటరుకి," అంది సువర్చల.

"కంప్యూటరుకు తెల్లకార్డు ఉందా?"

సువర్చల నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"సార్, ఇక్కడ పంపిణీ అంటే పంచిపెట్టడం కాదండి. డిస్ట్రిబ్యూషన్ అనే మాటకు..."

"డిస్ట్రిబ్యూషన్ అంటే పంపిణీయే కదమ్మా. నా సర్వీసంతా అదే. కిరోసిన్ పంచాను, కందిపప్పు పంచాను, తుఫానుకు టార్పాలిన్లు పంచాను. లినక్స్ ఒక లెక్కా? మీరే ఉచితమని రాశారు. ఉచితమైన సరుకు చేతిలో ఉంచుకుని పంచకపోతే దాన్ని ఏమంటారో తెలుసా? బ్లాకు మార్కెట్టు."

అక్కడికక్కడే లినక్స్ పంపిణీ అమలు మరియు పర్యవేక్షణ సంఘం ఏర్పాటైంది. నిబంధన ప్రకారం అందులో అరవై దాటిన, అనధికార, మహిళా సభ్యురాలు ఒకరు ఉండాలి. గదిలో నేనే ఉన్నాను. పాఠక ప్రతినిధి అని నా పేరు రాసుకున్నారు. నాకేం చేయాలో తెలియక, "యంత్రం మీద గుడ్డ ఎప్పుడు తీస్తారు?" అని అడిగాను.

"తొందరపడకూడదమ్మా. పంపిణీలో తొందరపడితే తొక్కిసలాట జరుగుతుంది," అన్నారు వామనమూర్తి గారు.

కరీముల్లా మాత్రం రోజూ సాయంత్రం వచ్చి గుడ్డ కప్పిన యంత్రం ముందు కూర్చునేవాడు.

"బొమ్మ పడలేదా అక్కా?"

"ఇంకా సెన్సారులో ఉంది తమ్ముడూ."

"ఎంత కట్ చేస్తారో ఏమో. సరంగు వచ్చే సీను మిగిల్తే చాలు."

కార్తీకంలో సంఘం మొదటి సమావేశం జరిగింది. వామనమూర్తి గారు అధ్యక్షులు. ఒక పక్క ఇంజనీరు గారు, ఒక పక్క పర్యావరణ కార్యాలయం నుంచి వచ్చిన ఒకాయన. బల్లపై పర్యావరణం అని ఉంది కాబట్టి వాళ్ల అభ్యంతరం లేదన్న పత్రం లేకుండా దస్త్రం కదలదట. ఏయే పంపిణీలు ఉన్నాయో చదవమంటే సువర్చల లేచి నిలబడింది.

"మొదటిది ఉబుంటు అండి."

"అర్థం?"

"ఆఫ్రికా మాటండి. మానవత్వం అని. నలుగురూ ఉంటేనే నేను ఉన్నట్టు, అని చెబుతారు."

వామనమూర్తి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మాట బాగుంది. కానీ మానవత్వం మన శాఖ పరిధిలోకి రాదు. దానికి వేరే శాఖ ఉండి ఉంటుంది. తదుపరి."

"ఫెడోరా అండి. అంటే ఒక రకం టోపీ."

"ప్రజలకు టోపీ పెట్టారని రేపు పేపర్లో వస్తే, కింద సంతకం నాది. కొట్టెయ్యండి."

"ఆర్చ్ అండి."

అంతవరకు కళ్లు మూసుకుని ఉన్న ఇంజనీరు గారు నిటారుగా కూర్చున్నారు. "ఆర్చా? సిమెంటుదా, ఇనపదా?"

"అందులో అన్నీ మనమే కట్టుకోవాలండి," అంది సువర్చల, ఉన్నమాట.

"కడతాం. అంచనా వేసి పంపిస్తాను. పాదచారులకేనా, లారీలు కూడా దూరాలా?"

సువర్చల జవాబు చెప్పలేదు. మౌనం అంగీకారమని రాసుకున్నారు.

"మింట్ అండి. అంటే పుదీనా. కొత్తవాళ్లకు బాగా అలవాటవుతుందని అంటారు. దాంతో సిన్నమన్ అనే డెస్క్‌టాప్ వస్తుందండి. అంటే దాల్చినచెక్క."

వామనమూర్తి గారి ముఖంలో మొదటిసారి వెలుగు చూశాను. చాలా రోజులకు తెలిసిన మనిషి ఎదురైనట్టు అయ్యారు. "ఇది సరుకంటే. లవంగాలు రావా?"

"రావండి."

"కట్టకు ఎంత తూగుతుంది?"

తర్వాత పర్యావరణాల వంతు వచ్చింది. సువర్చల మొదటి పేరు గ్నోమ్ అని చెప్పింది. అర్థం చెప్పమంటే, ముందు తాను చూసుకోకుండా పదకోశం తెరిచి గట్టిగా చదివేసింది.

"భూమి లోపల నిధులకు కాపలా కాసే మరుగుజ్జు."

అటెండరు వంగి పీటను కొంచెం బల్ల లోపలికి జరిపాడు.

"ఈ పేరు ఇందులో ఎవరు చేర్చారు?" అన్నారు వామనమూర్తి గారు.

"ప్రపంచమంతా వాడతారండి."

"వాడుకోనివ్వండి. మన జిల్లాలో వద్దు."

ఎక్స్ఎఫ్‌సీఈ అనేది ముసలి యంత్రాలకు తేలికగా ఉంటుందనీ, దాని గుర్తు ఎలుక బొమ్మ అనీ సువర్చల చెప్పింది. పర్యావరణం ఆయన ఉలిక్కిపడ్డాడు. గ్రంథాలయంలోకి ప్రభుత్వమే ఎలుకను తీసుకురావడం ఏమిటి, పుస్తకాల గతేమిటి అన్నాడు. అదీ పోయింది. ఆఖరున కేడీఈ అంది.

"అర్థం?"

"ఏమీ లేదండి."

"అర్థం లేనిదానికి అభ్యంతరం ఉండదు. పరిశీలనలో ఉంచండి."

పర్యావరణం ఆయన అభ్యంతరం లేదని సంతకం పెట్టాడు, ఒక షరతు మీద. బల్లపై పర్యావరణం అని దస్త్రంలో ఉన్నందున బల్ల మీద పర్యావరణం ఉండి తీరాలి. మరుసటి వారం వ్యానులో కుండీలు దిగాయి. తులసి, కలబంద, మనీప్లాంటు, పేరు తెలియని ముళ్ల చెట్టు ఒకటి. కంప్యూటరు గుడ్డ కింద ఉంది, దాని చుట్టూ చెట్లు లేచాయి. రోజూ నీళ్లు పోయాలని అటెండరుకు ఆదేశం. నీళ్లు యంత్రం మీద పడతాయేమోనని నేను ఇంటి నుంచి ప్లాస్టిక్ కాగితం తెచ్చి కప్పాను.

"తోటలో సమాధి ఉన్నట్టుందక్కా," అన్నాడు కరీముల్లా, మసకగా చూసి.

ఆ మాట నాకు నచ్చలేదు.

చలికాలమంతా లబ్ధిదారుల గుర్తింపుకు పోయింది. లినక్స్ ఇస్తున్నారని ఊరు ఊరంతా తెలిసిపోయింది. గ్రంథాలయం గడప ఎన్నడూ తొక్కనివాళ్లు వరండాలో బారులు తీరారు. ఎండుచేపలు అమ్మే ఆదెమ్మ రెండు సంచులు పట్టుకుని వచ్చింది.

"సువర్చలమ్మా, లినక్స్ గిన్నెలో పట్టిద్దా, సంచి తెచ్చుకోవాలా?"

"రెండిట్లోనూ పట్టదు ఆదెమ్మా. కంటికి కనపడదు."

"కనపడంది ఇస్తన్నారా? అట్టయితే తూకంలో మోసం ఉండిద్ది, చూసుకో."

ఇస్త్రీ బండి మాలకొండయ్య మెల్లగా నా పక్కకు జరిగాడు. "వదినా, నువ్వు లోపల మెంబరువి గదా. ఉతికితే రంగు పోయిద్దంటావా?"

"నాకూ ఒకటి రెండు అనుమానాలు ఉన్నాయయ్యా," అన్నాను.

మొదట్లో సువర్చల ఒక్కొక్కరికీ లారీ ఇంజను కథ చెప్పేది. మాఘం వచ్చేసరికి మానేసింది. ఎవరేమడిగినా, "దరఖాస్తు ఇచ్చి వెళ్లండి," అనేది. ఆమె కూడా అధికారుల వైపు వెళ్లిపోయిందేమోనని నాకు భయం వేసింది.

అర్హతలు వామనమూర్తి గారే రాశారు. అరవై దాటి ఉండాలి. ఇంట్లో కంప్యూటరు ఉండరాదు. గతంలో ఎన్నడూ లినక్స్ పొంది ఉండరాదు. ఈ మూడింటికీ ఊళ్లో ముసలివాళ్లందరూ సరిపోయారు. అప్పుడు చీటీలు వేశారు. వేదిక మీద పట్టే కుర్చీలు నాలుగు కాబట్టి నాలుగు చీటీలు తీశారు. కరీముల్లా, ఆదెమ్మ, మాలకొండయ్య, నేను. సంఘ సభ్యురాలినైన నేను లబ్ధిదారుగా ఉండవచ్చా అని అడిగాను. అధికారి అయితే ఉండకూడదట. అనధికారి కాబట్టి దోషం లేదట.

ఫాల్గుణం దాటుతుండగా అసలు చిక్కు బయటపడింది. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా పంపిణీ పూర్తి కావాలి. వేదికకు రోజు కూడా పెట్టేశారు. ఆ ముందు రోజు వామనమూర్తి గారు వచ్చి, "సరుకు చూపించండి," అన్నారు.

సువర్చల హ్యాండుబ్యాగులోంచి పెన్‌డ్రైవు తీసి తన అరచేతిలో పెట్టి చూపించింది. చింతగింజ కంటే కొంచెం పెద్దది.

ఆయన దాన్ని రెండు వేళ్లతో ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశారు. "మిగతాది?"

"ఇంతేనండి. లినక్స్ అంతా ఇందులోనే ఉంది."

"ఫొటోలో ఇది కనపడదమ్మా. వేదిక మీద నలుగురు లబ్ధిదారులు చేతులు చాపి నిలబడితే, అతిథి గారు వాళ్ల చేతుల్లో ఏమీ పెట్టనట్టు పడుతుంది. నా సర్వీసులో ఖాళీ చెయ్యి ఫొటో లేదు."

నాకు ఆయనను చూస్తే జాలేసింది. ఆ మనిషి నిజంగా బాధపడ్డాడు. లేచి పీట దిగి, చెట్ల మధ్య తిరిగి, కలబంద దగ్గర ఆగి, నా ప్లాస్టిక్ కాగితం ఎత్తి చూశారు.

"లినక్స్ దేంట్లో వేస్తారు?"

"దాంట్లోనేనండి," అంది సువర్చల. అన్న వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇది ఎన్ని భాగాలు?"

ఆయనే వేలితో చూపిస్తూ లెక్కపెట్టుకున్నారు. తెర. డబ్బా. మీటల పలక. మౌసు. నాలుగు. లబ్ధిదారులు నలుగురు. ఆయన ముఖం ఎంత ప్రశాంతంగా మారిందంటే, దేవుడు కూడా తమ శాఖలోనే పనిచేస్తున్నాడని తెలిసినవాడిలా కనిపించారు.

"సమాన పంపిణీ," అన్నారు.

"సార్, విడదీస్తే అది పనిచేయదండి," అంది సువర్చల.

"పనిచేయడం అమలు దశ. మనది పంపిణీ దశ."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉగాది వచ్చేస్తోంది. సరంగు ఎక్కడ కొట్టుకుపోయాడో అక్కడే ఉన్నాడు. ఇన్నాళ్లూ గుడ్డ కింద అయినా ఒక్కచోట ఉన్న యంత్రం రేపు నాలుగు దారులు పట్టబోతోంది. మనుషుల విషయంలో జరిగేది వస్తువుల విషయంలో కూడా జరగాలా అని కుక్కి మంచం మీద అటూ ఇటూ దొర్లాను.

మహోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. ఊరి మొదట్లో ఇంజనీరు గారి ఆర్చ్ లేచి నిలబడింది, లారీలు దూరేది. వేదిక చుట్టూ పూలదండలకు బదులు పుదీనా కట్టలు వేలాడదీశారు. ఎండకు వాడి, జనానికి ఆకలి పుట్టించే వాసన వచ్చింది.

"నేటి నుంచి ఈ గ్రామం లినక్స్ పొందిన గ్రామంగా చరిత్రలో నిలిచిపోతుంది," అన్నారు వామనమూర్తి గారు మైకు కిందికి వంచుకుని. "లినక్స్ లేని ఇల్లు ఉండకూడదన్నదే మన ధ్యేయం. పంపిణీలో ఒక్క గింజ కూడా పక్కదారి పట్టలేదని సవినయంగా మనవి చేస్తున్నాను."

ఒక్కొక్కరినీ పిలిచారు. కరీముల్లాకు తెర ఇచ్చారు. ఆదెమ్మకు డబ్బా. మాలకొండయ్యకు మీటల పలక. నాకు మౌసు. పట్టుకుంటే దాని వైరు తోకలా వేలాడింది. ఫొటో బాగా వచ్చింది.

తర్వాత నిబంధనలు చదివారు. ఎవరూ వినలేదు. నేను విన్నాను. నాకు కాగితం మీద ఉన్నది ఏదైనా చివరిదాకా వినే అలవాటు. భాగమును అమ్మరాదు. తాకట్టు పెట్టరాదు. కూతురికి సారెగా ఇవ్వరాదు. ఆఖరిది పదకొండవ నిబంధన: ప్రతి మూడు మాసములకు ఒకసారి లబ్ధిదారులు నలుగురును ఎచట నివసించుచున్నను స్వయముగా హాజరై, తమ భాగములను కలిపి, లినక్స్ సజీవముగా ఉన్నట్లు ప్రత్యేకాధికారికి చూపవలెను. గైర్హాజరైన యెడల స్వాధీనపరచుకొనబడును.

చదివినాయనను ఆపి, ఆ నిబంధన ఇంకోసారి చదవమన్నాను. అర్థం కాలేదని అనుకుని ఆయన నెమ్మదిగా చదివాడు.

మర్నాడు గ్రంథాలయానికి వెళితే బల్ల మీద చెట్లు మాత్రం ఉన్నాయి. భాగాలన్నీ తెచ్చి ఇక్కడే కలుపుదామా అని సువర్చలను అడిగాను.

"ఇప్పుడవి మీ సొంత ఆస్తులండి. ప్రభుత్వ కరెంటు వాడకూడదు," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "సాయంత్రం ఐదింటికి నా డ్యూటీ అయిపోయిద్ది. ఎక్కడికి రమ్మంటారు?"

కరీముల్లా గదికే. గదిలో సామానంతా మూటలు కట్టి ఉంది. ఆయన తన పాత రీలు పెట్టె మీద తెర నిలబెట్టాడు. ఆదెమ్మ డబ్బాను నెత్తిన పెట్టుకుని వచ్చింది, చీర కొంగు చుట్టకుదురుగా చేసుకుని. దానిలోంచి సన్నగా ఎండుచేపల వాసన వేస్తోంది. మాలకొండయ్య మీటల పలకను ఇస్త్రీ చేసిన పంచెలో చుట్టి తెచ్చాడు. సువర్చల వైర్లన్నీ కలిపి, బ్యాగులోంచి మూడు పెన్‌డ్రైవులు తీసింది.

"ఏది వేయమంటారో మీరే చెప్పండి. మీ బండి, మీ ఇష్టం."

మా నలుగురికీ అంతదాకా ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు.

"పుదీనా అన్నారే, అది వెయ్యి," అంది ఆదెమ్మ. "పేరు వింటానే నోరూరబట్టె."

"దాల్చినచెక్క వద్దు. నాకు అరగదు," అన్నాడు మాలకొండయ్య.

"దాని బదులు ఎలుకది వేద్దాం. తేలిగ్గా ఉంటది, ముసలి మిషనుకి," అంది సువర్చల.

"ఎలుక నా చేతిలో ఉండనే ఉంది," అన్నాను.

"ఉబుంటు అని ఒకటి చెప్పావంట గదమ్మా, నలుగురూ ఉంటేనే నేను అని. అది పనికిరాదా?" అన్నాడు కరీముల్లా.

"అదీ బాగుంటది చిన్నాన్నా. దానికి కొంచెం బలమైన మిషను ఉండాల."

"అయితే పేరు మనం ఉంచుకుందాం. పుదీనా దానికెయ్యి."

ఆరు నెలలు సంఘం తేల్చలేనిది తేలిపోయింది. కరీముల్లా పెట్టిన టీ తాగి, గ్లాసులు కడిగి, ఆదెమ్మ ఇంకో టీ అడిగి, మాలకొండయ్య ఆమెను వేళాకోళం చేసేంతలో తెర మీద వెలుగు వచ్చింది. ఆకుపచ్చ ఆకు గుర్తు ఒకటి. ఆ వెలుగు ముఖాన పడగానే కరీముల్లా కళ్లు చికిలించి, తెరను అరచేత్తో తడిమి, అన్నాడు:

"బొమ్మ పడింది."

సువర్చల దాచిన పత్రికలన్నీ అందులో వేశాక, నేను అక్షరాన్ని గారె అంత చేసి చదవడం మొదలుపెట్టాను. సరంగు బతికే ఉన్నాడు. ఒక ద్వీపంలో ఉప్పు పండించే కొటార్లలో కూలి చేస్తున్నాడు. ఆదెమ్మకు ముందు కథ తెలియదు, అయినా సరంగును మొదటి వాక్యం నుంచే తిట్టడం ప్రారంభించింది. మాలకొండయ్య సరంగు పక్షం. వాళ్లిద్దరినీ ఆపడానికి కరీముల్లా పాత అలవాటు కొద్దీ, "కూర్చోండి కూర్చోండి, వెనకవాళ్లకు కనపడదు," అన్నాడు. వరసగా మూడు సాయంత్రాలు చదివాను. సరంగు పడవ కొనుక్కున్నాడు. కాలువలో ప్రవేశించాడు. దూరంగా లాకు దగ్గర దీపం కనిపించింది. ఆ పేజీ అడుగున, ముగింపు వచ్చే సంచికలో అని ఉంది.

వచ్చే సంచిక కూడా అందులోనే ఉంది. మౌసు నా చేతిలో ఉంది. ఒక్క నొక్కు నొక్కితే చాలు.

నేను మౌసు వదిలేసి, దాని వైరు లాగి సంచిలో పెట్టుకున్నాను.

"అదేందక్కా," అన్నాడు కరీముల్లా. "చివరి రీలు వెయ్యవా? రేపే గదా నా బస్సు."

"చివరి రీలు తనిఖీకి ఉంచాను. మూడు నెలలకు సజీవంగా ఉన్నట్టు చూపించాలంట. అప్పుడు చూపించడానికి మనకేదన్నా ఉండొద్దా?"

ఆదెమ్మ నన్ను నోటికొచ్చినట్టు అంది. వాడు దీపం దాకా వచ్చి నిలబడ్డాడు, ఆ పిల్ల ఏం చేసిందో తెలియకుండా మూడు నెలలు చేపలు ఎట్టా అమ్మను అంది. మాలకొండయ్య మీటల పలకను మళ్లీ పంచెలో చుట్టుకున్నాడు. కరీముల్లా తెర మీద తువ్వాలు కప్పాడు.

మర్నాడు ఆర్చ్ కింద ఆదోని బస్సు ఆగింది. సువర్చల సెలవు పెట్టి వచ్చింది. కరీముల్లా మూటలన్నీ పైన వేయించి, తెరను మాత్రం తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. కండక్టరు దానికి లగేజి టిక్కెట్టు కొట్టాలన్నాడు.

"ఇది ప్రభుత్వ పంపిణీ నాయనా. మళ్లీ తెచ్చి చూపించాల," అన్నాడు కరీముల్లా గంభీరంగా. కండక్టరు ఆలోచనలో పడి వెళ్లిపోయాడు.

బస్సు ఇంజను వేశారు. నాకు దడ మొదలైంది. సంచిలో మౌసును గట్టిగా పట్టుకున్నాను. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, నా గొంతు ఎటునుంచి వస్తుందా అని వెతుక్కుంటూ అడిగాడు.

"అక్కా, తనిఖీకి రాకపోతే ఏం చేస్తారంట?"

"స్వాధీనం చేసుకుంటారంట."

"దేన్ని? తెరనా, నన్నా?"

బస్సు కదిలింది. నేను నాలుగు అడుగులు దాంతో పాటు నడిచాను.

"నిబంధనలో స్పష్టంగా లేదు తమ్ముడూ," అన్నాను. "ఎందుకైనా మంచిది, ఇద్దరూ రండి."